క్లర్కు పొరపాటు

నేను స్క్రీన్లు గీస్తాను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే ఇంతకంటే చిన్నగా చెప్పడం నాకు చేతకాదు, ఇంతకంటే పెద్దగా చెప్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు. మా అత్తగారు మాత్రం "మా కోడలు కంప్యూటర్లకి గుండీలు కుడుతుంది" అని అందరికీ చెప్పి నవ్విస్తుంది. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది గానీ ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. ఏ బటన్ ఎక్కడుండాలి, ఎంతుండాలి, దానిమీద ఏ మాట రాయాలి, నొక్కే మనిషి వేలు ఎంత లావు, కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుంటాడా నుదుటి మీదకి తోసుకుంటాడా, ఇవన్నీ దగ్గర కూర్చుని చూసి అతనికి సరిపోయేలా స్క్రీను గీయడమే నా ఉద్యోగం. పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నాను. మనుషుల్ని నా అంత బాగా గమనించేవాళ్ళు మా ఆఫీసులోనే లేరని నాకో పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు దిగింది ఒక బస్సు డిపోలో. దింపిన మనిషిని అందరూ బిళ్ళల బాబాయ్ అంటారు. అసలు పేరు ఆయన జీతం కాగితం మీద ఉండే ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

డిపోలో నూట నలభై మంది డ్రైవర్లు, పంతొమ్మిది రూట్లు. రేపు ఎవరు ఏ రూటుకి పోవాలన్నది ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి ఐదింటికల్లా తేల్చాలి, తేల్చి చార్టు కిటికీ పక్కన అంటించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని బాబాయ్‌దే. గేటు పక్కన ఇరుకు గది, ఆవరణలోకి తెరుచుకునే ఒక కిటికీ, గోడకి రెండు పెద్ద చెక్క పలకలు. ఒకదాని మీద 'లోపల' అని, రెండోదాని మీద 'బయట' అని రాసి ఉంటుంది. రెండిటి నిండా మేకులు. ప్రతి డ్రైవరుకీ అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ళ ఒకటి, దానిమీద అతని నంబరు. పొద్దున డ్యూటీకొచ్చిన డ్రైవరు తన బిళ్ళని తానే తీసి 'బయట' పలకకి తగిలిస్తాడు. దిగాక మళ్ళీ తానే తెచ్చి 'లోపల' తగిలిస్తాడు. ఇంకొకరి బిళ్ళ ఎవరూ ముట్టుకోరు.

ఆ గదిలో మనుషులకి నంబర్లే పేర్లు. "ఏరా పదిహేడూ, దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఈ కిటికీకి కాస్త దూరంగా నిలబడరా నాయనా." "ఏమ్మా తొంభై రెండూ, మీ చిన్నది పరీక్ష ఎలా రాసింది?" డ్యూటీ దిగిన వాళ్ళెవరూ ఆ కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడకుండా ఇంటికి పోరు. ఆయన చెయ్యి చార్టు మీద, నోరు కిటికీ వైపు. రెండూ ఆగవు.

మేనేజరుగారికి ఇదంతా పాతకాలపు వ్యవహారంలా కనిపించింది. ఆయన చెడ్డవాడేం కాదు, బల్లమీద పెన్ను వంకరగా ఉంటే తట్టుకోలేని మనిషి, అంతే. డ్యూటీలు సాఫ్ట్‌వేరే వేసేస్తుంది కదా, మనిషెందుకు అన్నాడు. మా కంపెనీ పెద్దాయన వెంటనే "తప్పకుండా సార్" అన్నాడు. నేనే అడ్డుపడ్డాను. మనుషుల పని మనిషే వెయ్యాలి, స్క్రీను ఆయనకి సాయం చెయ్యాలి, ఆయనకి సరిపోయే స్క్రీను నేను గీసిస్తాను, చూడండి అని పెద్ద మాట అనేశాను. మేనేజరుగారు ఒక షరతు పెట్టాడు. ముప్పై రోజులు చూస్తాం. రోజుకి రెండు పొరపాట్ల చొప్పున అరవై దాటకపోతే బాబాయ్ కుర్చీ బాబాయ్‌కే. దాటితే డ్యూటీలు సాఫ్ట్‌వేరు వేస్తుంది, బాబాయ్ టైరు స్టోరుకి పోతాడు.

టైరు స్టోరు నేను చూశాను. డిపో వెనకాల రేకుల షెడ్డు, కిటికీ లేదు. వారానికోసారి మెకానిక్కు వచ్చి సంతకం పెట్టి టైరు దొర్లించుకుపోతాడు. మిగతా రోజులు మాట్లాడ్డానికి టైర్లే. బాబాయ్‌కి రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది.

"ఏం ఫరవాలేదు బాబాయ్, నేనున్నాను" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు వారాలు ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఆయన చూపుడువేలు వాడడు, అన్నిటికీ బొటనవేలే. కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది, చార్టు రాసేటప్పుడు మాత్రం కిందికి దిగుతుంది. ఎరుపు రంగు కనిపిస్తే కంగారుపడతాడు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పలకల మీద ఏడు బిళ్ళలు బోర్లా ఉండటం కూడా చూశాను, నంబరు గోడవైపుకి.

"ఇవేంటి బాబాయ్, బోర్లా ఉన్నాయి?"

"ఉండనీ అమ్మా" అన్నాడు, పదిహేడో నంబరుతో మాట మధ్యలో.

నేను నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: బిళ్ళలు అటూ ఇటూ తిరిగిపోతుంటాయి, స్క్రీన్లో ఈ ఇబ్బంది ఉండదు. దానికింద గీత కూడా గీశాను.

స్క్రీను ముచ్చటగా వచ్చింది. బొటనవేలికి సరిపోయే బిళ్ళలు, అచ్చం ఇత్తడి రంగులో, అన్నీ వెల్లకిలా, నంబర్లు స్పష్టంగా. డిపో నియమం ప్రకారం ప్రతి డ్రైవరూ అన్ని రూట్లూ వంతులవారీగా తిరగాలి కాబట్టి, ఎవరి వంతు ఏదో స్క్రీనే చూపిస్తుంది. బాబాయ్‌కి నచ్చితే సరే అంటాడు. లేకపోతే బిళ్ళని వేలితో లాగి వేరే రూటు మీద పెడతాడు. అలా మారిస్తే కారణం అడుగుతుంది. ఐదు కారణాలు రాశాను: సెలవు, అనారోగ్యం, క్రమశిక్షణ చర్య, బండి రిపేరు, క్లర్కు పొరపాటు. ఆ ఐదోదాని మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. తొందరలో తప్పు చోట పెట్టి వెనక్కి తీసుకోవడం ఎవరికైనా జరుగుతుంది, దాన్ని ఒప్పుకోడానికి కూడా ఒక బటన్ ఉండాలి కదా అని నా ఆలోచన. పొరపాట్ల లెక్క కూడా దాని ద్వారానే తెలుస్తుంది. ఇంకొక తెలివి కూడా చూపించాను. ఎవరిదైనా వంతు తప్పితే స్క్రీను మరిచిపోదు, మర్నాడు మళ్ళీ అదే రూటు అతనికి చూపిస్తుంది, ఆ వంతు తీరేదాకా చూపిస్తూనే ఉంటుంది.

బాబాయ్ పావుగంటలో నేర్చేసుకున్నాడు. "భలే ఉందమ్మాయ్, నా బిళ్ళలే!" అని మురిసిపోయాడు. పాత పలకలు మాత్రం ట్రయల్ అయ్యేదాకా తీయొద్దన్నాడు. సరేనన్నాం.

మొదటి రోజు పొరపాట్లు ఒకటి. రెండో రోజు రెండు. మూడో రోజు నాలుగు. నాలుగో రోజు ఐదు. ఆరో రోజుకి ఏడయ్యాయి. ఏడో రోజూ ఏడే. ఎనిమిదో రోజూ ఏడే.

నాకేం అర్థం కాలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదట్లో పొరపాట్లు ఎక్కువుండి రానురాను తగ్గుతాయి. ఈయనకి పెరుగుతున్నాయి! పోనీ పెరిగాయే అనుకుందాం, సరిగ్గా ఏడు దగ్గరే ఎందుకు ఆగాయి? మనిషి తడబడితే ఒకరోజు మూడు, ఒకరోజు పది ఉండాలి గానీ, కొలిచి పోసినట్టు రోజూ ఏడేమిటి?

ముందు నా బటన్‌ని అనుమానించాను. 'క్లర్కు పొరపాటు' జాబితాలో అడుగున ఉంది, బొటనవేలు సహజంగా అక్కడే వాలుతుంది. వేలు జారి పడుతోందేమో. దాన్ని పైకి మార్చాను. మర్నాడు ఏడు, అన్నీ పైన నొక్కినవే. ఎడమ పక్కకి మార్చి చిన్నది చేశాను. ఏడు. బాబాయ్ కళ్ళజోడు కిందికి దించుకుని మరీ వెతికి నొక్కాడట. చివరికి తిక్కరేగి దాన్ని ఇంకో పేజీలో దాచేశాను, మూడుసార్లు నొక్కితే గానీ దొరకదు. ఆయన మూడుసార్లు నొక్కాడు. ఏడుగురికీ, ఇరవై ఒక్కసార్లు. పైగా నన్ను చూసి, "అమ్మాయ్, ఆ ఐదోది రోజుకో చోటికి పోతోంది, కాస్త ఒకచోట కూర్చోబెట్టవూ?" అన్నాడు.

"అసలు మీరు దాన్ని నొక్కడం ఎందుకు బాబాయ్?"

"పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు, కిటికీలోంచి ఎవరినో పలకరించడానికి లేస్తూ.

పదిహేనో రోజుకి లెక్క ఎనభై దాటింది. అరవై ఎప్పుడో వెనక్కి పోయింది. ముప్పయ్యో రోజున మేనేజరుగారి ముందు కూర్చున్నప్పుడు, స్క్రీను తప్పు ఏదో దొరికింది, సరిచేశాం, చివరి పది రోజులు చూడండి ఎలా తగ్గాయో అని చెప్పగలిగితేనే బాబాయ్ కుర్చీ నిలుస్తుంది. ఆ తప్పేమిటో దొరికి చావడం లేదు. ఇంట్లో మా ఆయన "నువ్వు అన్నం కలుపుతూ బల్లమీద బటన్లు నొక్కుతున్నావు" అన్నాడు. నిజంగానే నొక్కుతున్నానట.

ఆయన కళ్ళేమైనా దెబ్బతిన్నాయేమోనన్న అనుమానంతో ఒక ఆదివారం ట్యాబ్ పట్టుకుని బాబాయ్ ఇంటికెళ్ళాను. పిన్ని ముందుగదిలో మిషను కుడుతూ మెడలో టేపుతో నన్ను లోపలికి పిలిచింది. ఉత్తుత్తి డ్రైవర్లని ముప్పై మందిని పెట్టి డ్యూటీలు వెయ్యమన్నాను. ఇరవై నిమిషాల్లో వేసేశాడు. పొరపాట్లు సున్నా. మళ్ళీ ఇంకో ముప్పై మంది. మళ్ళీ సున్నా. నేను తల పట్టుకున్నాను.

"ఏమైందమ్మాయ్?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ. ఆఫీసులో బాబాయ్ రోజుకి ఏడుసార్లు పొరపాటు నాదే అని ఒప్పుకుంటున్నాడు."

పిన్ని మిషను ఆపేసింది. "ఎవరు? ఈయనా? సరిగ్గా చూశావా?"

"రోజూ చూస్తున్నాను పిన్నీ."

"పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ మాట ఈ ఇంట్లో వింటే ఒట్టు! మొన్నటికి మొన్న కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి గదంతా నీళ్ళు చేసి, కుళాయిది తప్పన్నాడు!" అని ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా, బయటివాళ్ళ దగ్గరైతే ఒప్పుకుంటావన్నమాట!"

బాబాయ్ వినపడనట్టు ట్యాబ్ అద్దం చొక్కాకి తుడుస్తూ కూర్చున్నాడు. నేను వెళ్ళిన పనికంటే ఎక్కువ అయోమయంతో ఇంటికొచ్చాను.

పంతొమ్మిదో రోజు పొద్దున బుద్ధి వచ్చింది. ఇన్నాళ్ళూ ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారని చూస్తున్నానే గానీ, ఎవరి విషయంలో నొక్కారని చూడలేదు. ఆ జాబితా తీశాను. ఆరో రోజు నుంచి ప్రతిరోజూ అవే ఏడు నంబర్లు. ప్రతి నంబరుకీ ఒకే రూటు. నలభై ఒకటికి వంతెన రూటు, తొంభై రెండుకి మార్కెట్ రూటు, అలా ఏడుగురికీ. మొదటి ఐదారు రోజుల్లో ఒక్కొక్కరి వంతూ ఆ రూటుకి వచ్చింది, అది తీరలేదని స్క్రీను రోజూ అడుగుతోంది, బాబాయ్ రోజూ తప్పిస్తున్నాడు.

ఏడు అనగానే పలకలు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం పన్నెండింటికి బాబాయ్ భోజనానికి వెళ్ళినప్పుడు ఆ గదిలోకి వెళ్ళాను. బోర్లా ఉన్న ఏడు బిళ్ళల్నీ ఒక్కొక్కటే తీసి, తిప్పి, నంబరు చూసి రాసుకుని, మళ్ళీ బోర్లా తగిలించాను. అవే నంబర్లు. ఏడుకి ఏడూ సరిపోయాయి. ఏడోది చేతిలో ఉండగా ఫోను మోగింది. మా పెద్దాయన. పొరపాట్లు ఎందుకు తగ్గడం లేదని ఒకటే గోల, ఉన్నపళంగా ఆఫీసుకి రమ్మన్నాడు. బిళ్ళని చేతికొచ్చినట్టు మేకుకి తగిలించి పరిగెత్తాను.

తిరిగి డిపోకి వచ్చేసరికి నాలుగున్నర. చార్టు అప్పుడే అయిపోయింది. ట్యాబ్ చూద్దును కదా, పొరపాట్లు ఆరు! పద్నాలుగు రోజుల్లో మొదటిసారి ఏడు కాకుండా ఆరు! ఆ సంతోషంలో పొద్దున కనిపెట్టిందంతా పక్కకి పోయింది. ముందురోజే కారణాల అక్షరాలు లావు చేశాను, అదే పనిచేసిందనుకున్నాను. బాబాయ్ కూడా ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

ఐదింటికి నలభై ఒకటి డ్యూటీ దిగి వచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు, ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు. చార్టు మీద తన నంబరు దగ్గర వేలు పెట్టి, పక్కన రూటు చూసి, అలాగే నిలబడిపోయాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చాడు.

"బాబాయ్, ఇదేంటి? వంతెన మీదికి వేశావ్?"

"అదేంట్రా, నువ్వే తిప్పావుగా? ఇందాక చార్టు వేసేటప్పుడు పలక మీద చూసి ఎంత సంతోషించానో! రెండేళ్ళకి మావాడు తేరుకున్నాడు అనుకున్నా."

"నేను తిప్పలేదు బాబాయ్."

"నా కళ్ళతో చూశాన్రా, వెల్లకిలా ఉంది."

"పొద్దున బోర్లాగానే తగిలించాను. నాకు... నావల్ల కాదు బాబాయ్. ఇంకా కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"నేను తిప్పాను" అన్నాను. "నంబరు చూద్దామని."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బాబాయ్ లేచి పలక దగ్గరికెళ్ళి, తీరా చెయ్యి చాచి, ముట్టుకోకుండా ఆగి, "రారా, నువ్వే వేసుకో" అన్నాడు. నలభై ఒకటి లోపలికొచ్చి తన బిళ్ళ తీసి బోర్లా తగిలించాడు. బాబాయ్ చార్టు చించి కొత్తది రాశాడు. ట్యాబ్‌లో ఏడో పొరపాటు నొక్కబోతే ఆ రోజు లెక్క అప్పటికే మూసేసి ఉంది, అందుకని ఆరుగానే ఉండిపోయింది.

అతను వెళ్ళిపోయాక బాబాయ్ సంగతి చెప్పాడు. రెండేళ్ళ కిందట వంతెన దిగే మలుపులో ఒకామె ఉన్నట్టుండి బండికి అడ్డం వచ్చింది. నలభై ఒకటిది తప్పులేదని విచారణలో తేలింది. మిగతా పద్దెనిమిది రూట్లలోనూ అతనంత జాగ్రత్తగా నడిపేవాళ్ళు డిపోలో లేరు. ఆ ఒక్క రూటుకి మాత్రం వెళ్ళలేడు. ఆ రోజు తిరిగొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, బిళ్ళ బోర్లా తగిలించి ఇంటికెళ్ళిపోయాడు. అది డిపోలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బోర్లా వేస్తే, ఈ రోజు పోయిన రూటుకి నన్ను మళ్ళీ పంపకు అని అర్థం. ఎందుకని బాబాయ్ అడగడు. తనంతట తను తిప్పుకునేదాకా పంపడు. తొంభై రెండుని విడిచిపెట్టిన మొగుడు మార్కెట్ స్టాపులో రోజూ బస్సెక్కి ఆమె వెనక సీట్లోనే కూర్చునేవాడట. మిగతా అయిదుగురివీ ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

"మరి అనారోగ్యం అని నొక్కచ్చుగా బాబాయ్?"

"నొక్కితే మెడికల్ బోర్డుకి పోతుందమ్మా. వాళ్ళు స్టీరింగ్ తీసేసి వాణ్ణి షెడ్డులో బళ్ళు కడగమంటారు."

"క్రమశిక్షణ?"

"మెమో."

"సెలవు?"

"ఉన్న సెలవులు కాస్తా కరిగిపోతాయి. రిపేరు అంటే మెకానిక్కు ప్రాణం మీదికి." ఆయన ఆ ఐదో బటన్ మీద బొటనవేలు ఆనించి చూపించాడు. "ఇదొక్కటేనమ్మా, ఎవరికీ తగలనిది. మంచి ఆలోచన చేసి పెట్టావు."

నాకు ఏడుపొచ్చింది. బిళ్ళ బోర్లా వేసే వీలు స్క్రీన్లో కూడా పెట్టేస్తాను, ఒక్క రోజు పని అన్నాను. ఆయన కంగారుపడ్డాడు. స్క్రీను మీద ఉన్నదల్లా మేనేజరుగారికీ కనిపిస్తుంది కదమ్మా, ఆయన ఎందుకని అడుగుతారు, అడిగితే ఏదో ఒకటి రాయాలి, రాస్తే అది ఎక్కడికో పోతుంది. ఏదీ చెరిగిపోకుండా, అన్నీ అందరికీ కనిపించేలా దాన్ని తయారుచేసింది నేనే మరి.

"మీ కుర్చీ పోతుంది బాబాయ్."

"నాకు మూడేళ్ళే కదా. వాడికింకా పాతికేళ్ళుంది."

ముప్పయ్యో రోజున మొత్తం నూట తొంభై రెండు. మధ్యాహ్నం రెండింటికి మేనేజరుగారి గదిలో కూర్చున్నాం, నేను, మా పెద్దాయన, బాబాయ్. మేనేజరుగారు కాగితం చూసి, పెన్ను సరిగ్గా దానికి సమానంగా పెట్టి, నొచ్చుకుంటూనే అడిగాడు.

"ఏమిటండీ ఇన్ని? మీరు ఇలా ఉండేవారు కాదే?"

"వయసండి" అన్నాడు బాబాయ్.

పలకల ముందు నిలబడితే నూట నలభై మంది వివరాలూ చూడకుండా చెప్పే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వయసండి అన్నాడు. నాకు ఇక ఆగలేదు. నిజం చెప్పే దారి లేదు, ఊరుకునే దారీ లేదు. నోట్లోంచి ఏమొస్తోందో పూర్తిగా ఆలోచించకుండానే అనేశాను.

"ఆయన తప్పు కాదు సార్. నాది. ఆ ఐదో బటన్ నేను సరిగ్గా గీయలేదు. ఏం నొక్కబోయినా వేలు దానిమీదే పడుతోంది. ఆయన ఇంట్లో ఆ బటన్ లేని మామూలు జాబితాతో పరీక్ష చేశాను, ఒక్క పొరపాటు కూడా రాలేదు. కావాలంటే చూడండి."

ట్యాబ్ తీసి ఆదివారం నాటి సున్నాలు చూపించాను. మా పెద్దాయన బల్లకింద నా కాలు తొక్కాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి నా పని చెత్తపని అని ఒక కస్టమరు ముందు నేనే ఒప్పుకున్నాను. ఆ క్షణంలో అది నాకు హాయిగానే ఉంది, ఏం దాచుకోను. మేనేజరుగారు సున్నాల్ని రెండుసార్లు చూశాడు. ఆయన మొహం కూడా తేలికపడింది, బాబాయ్‌ని పంపెయ్యడం ఆయనకీ ఇష్టం లేదు పాపం.

"సరే, అయితే ఆ బటన్ తీసేయండి" అన్నాడు. "సరైన కారణం ఉంటే మిగతా నాలుగింట్లో ఒకటి నొక్కుతారు, లేకపోతే స్క్రీను చెప్పినట్టే వేస్తారు. ఈయన కుర్చీ ఈయనకే. ఇక ట్రయల్ అక్కర్లేదు."

"ఇప్పుడే తీసేస్తాను సార్" అని మా పెద్దాయన ల్యాప్‌టాప్ తెరిచాడు. నిమిషం కూడా పట్టలేదు. నాతో బయటికొచ్చాక మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు కూడా, అది ఇక్కడ అనవసరం.

ఆ తిట్లు తిని బాబాయ్ గదికి పరిగెత్తాను. కుర్చీ దక్కింది కదా, ఆ మొహంలో వెలుగు చూద్దామని. మూడు దాటింది. పాత పలకలు ఖాళీగా ఉన్నాయి, ట్రయల్ అయిపోయిందని మేనేజరుగారి మనిషి అప్పుడే బిళ్ళలన్నీ డబ్బాలో పోసి పట్టుకుపోయాడు. బాబాయ్ కళ్ళజోడు కిందికి దించుకుని, ట్యాబ్‌ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తెరమీద నలభై ఒకటో బిళ్ళ, పక్కన వంతెన రూటు, కింద కారణం అడిగే జాబితా. ఆయన బొటనవేలు ఆ జాబితా మీద పైకీ కిందికీ తిరుగుతోంది, ఎక్కడా ఆనడం లేదు.

నన్ను చూసి కుర్చీలోంచి కాస్త జరిగి, ట్యాబ్ నావైపు తిప్పాడు.

"అమ్మాయ్, ఈ నాలుగింట్లో వాడికి కాస్త తక్కువ తగిలేది ఏదో చెప్పమ్మా."